చూపులేని బిడ్డకు ఆట వలదా?



గడచిన మాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి యిన్నాళ్ళుగా మా బల్లమీదనే యున్నది. ప్రత్యుత్తరము వ్రాయుటకు కలము తీసికొనుట, తోచక మరల క్రింద బెట్టుట, ఇట్లు మూడు వారములు గడచినవి. ఆ జాబు వ్రాసిన సోదరి కృష్ణాతీరమున నొక పల్లెటూరి గృహిణి. పేరు ప్రకటింపవలదని కోరినారు గావున ప్రకటింపము. విషయము మాత్ర మనేక గృహములకు సంబంధించినది గనుక, ఆమె యనుమతితో నీ నెల యీ శీర్షికను దీనికే వినియోగించుచున్నాము.

ఆమె కుమార్తెకు తొమ్మిదేండ్లు. పుట్టుకతోనే చూపు మిక్కిలి తక్కువ. వెలుగునీడలును, దగ్గఱనున్న ముదురు రంగులును మాత్రము తెలియును. చదువునందు చుఱుకైన పిల్ల. ఒక్కమాఱు విన్న పద్యము మఱువదు. ఊరి బడిలో నందఱు పిల్లలతోబాటు కూర్చుండి చదువుచున్నది. అయితే డ్రిల్లు గంట మ్రోగగానే తోడిపిల్లలు మైదానమునకు పఱుగిడుదురు. ఈ పిల్లను మాత్రము వేపచెట్టు క్రింది గట్టుపై గూర్చుండబెట్టి, తక్కినవారి సంచులకును చెప్పులకును గాపుంచుదురట. “ఏదైన దెబ్బ తగిలిన మాకు మాట వచ్చునమ్మా” అని మాస్టరుగారు సెలవిచ్చినారట. మూడేండ్లనుండి యిట్లే జరుగుచున్నది.

ఒకనాటి రాత్రి ప్రక్కమీద బండుకొని ఆ పిల్ల తల్లి నడిగినదట: “అమ్మా, పరుగెత్తితే ఎట్లా ఉంటుంది?” తల్లి యేమియు జెప్పలేకపోయినది. జాబు చివర నామె వ్రాసిన మాటలివి: “బడివారిని తప్పు పట్టుదునా, నా బిడ్డను భద్రముగా జూచుకొనుచున్నారని సంతసింతునా? నిజము చెప్పవలెనన్న, ఇంటివద్ద నేనును దాని నట్లే కూర్చుండబెట్టుచున్నాను.”

ఈ కడపటి వాక్యమే మా చేతి కలము నాపినది. ఏలయన ఆ తప్పు మేమును జేసినవారమే. మా చిన్నతనమున మా పినతండ్రిగారి కుమార్తె యొకతె చూపులేనిది. మండువా లోగిలిలో మేము పదిమంది పిల్లలము దాగుడుమూతలాడునప్పుడు, ఆమెను స్తంభమువద్ద గూర్చుండబెట్టి అంకెలు లెక్కపెట్టు పని యొప్పగించెడివారము. తొక్కుడుబిళ్ళ యాడునప్పుడు ఆమె న్యాయాధిపతి. చెప్పుకొనుటకు గొప్ప పదవియే. కాని ఆమె కాలు మాత్రము గడి దాటి యెఱుగదు. పెద్దలు మమ్ము మెచ్చుకొనిరి, “పాపము, దానిని విడువక కలుపుకొని ఆడుచున్నారు” అని. పెద్దయిన తరువాత ఆమెకు గుడిమెట్లు పదియెక్కినంతనే ఆయాసము వచ్చెడిది. గోడ లేని చోట నిలువవలెనన్న భయపడెడిది. నడివయస్సున నొకనా డామె నవ్వుచునే మాతో ననినది: “మీరంతా నన్ను ప్రేమగానే చూశారు. కాని నన్ను పడనిచ్చినవారు ఒక్కరూ లేరు.” ఆ మాట మా చెవులలో నింకను మ్రోగుచునే యున్నది. అందువలననే యీ సోదరి జాబును మేము తేలికగా దీసికొనలేక, తెలిసిన వైద్యులను, ఉపాధ్యాయులను సంప్రతించి, గ్రంథములు చూచి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట, కూర్చుండబెట్టుటవలన బిడ్డ కేమి నష్టమో యాలోచింతము.

శిశు వేల కదలును? ఎదుట దీపము కనబడినచో తల యెత్తును. అల్లంత దూరమున బొమ్మ కనబడినచో ప్రాకును. తల్లి ముఖము కనబడినచో చేతులు చాచును. చూపే బిడ్డను కదలుమని పిలుచుచుండును. చూపులేని శిశువునకు ఆ పిలుపు లేదు. శబ్దము వినుచుండును గాని, ఆ శబ్దమున్న చోట నొక వస్తువున్నదనియు, చేయి చాచిన నందుననియు గ్రహించుట కొంత యాలస్యముగా జరుగును. కావుననే యిట్టి బిడ్డలు ప్రాకుట, నడచుట తఱచుగా వెనుకబడుచుండును. ఇక తక్కిన పిల్లలు గెంతుట, విసరుట, ఒంటికాలిపై నిలుచుట ఒకరిని జూచి యొకరు నేర్చుకొందురు. మన మెవరమును మన పిల్లలకు గెంతుట పాఠముగా జెప్పియుండము. చూపులేని బిడ్డకు జెప్పవలెను. చెప్పనిచో తెలియదు. తెలియనిదానిని చేతగానిదని మనము పొరపడుచున్నాము.

కదలిక లేని బిడ్డ తల వంచుకొని, పాదములు నేలకు రాచుచు, కాళ్ళు ఎడముగా వేసి నడచును. కొందఱు కూర్చున్నచోటనే ముందునకు వెనుకకు ఊగుచుందురు. కొందఱు కన్నులు వ్రేళ్ళతో నొత్తుకొనుచుందురు. ఆటలయందును వ్యాయామమునందును మునిగియున్నంతసే పిట్టి యలవాట్లు సాధారణముగా తగ్గుచుండుట బోధకులు గమనించు విషయమే.

మఱియొక సంగతి కలదు. చూపులేనివానికి బలము కొంచెము తక్కువైనను పరవాలేదని లోకులనుకొందురు. నిజము దీనికి విరుద్ధము. అడుగడుగునకు జాగ్రత్తపడుచు, నిదానించుచు, తడబడుచు నడచుటకు మామూలు నడకకంటె నెక్కువ శక్తి వ్యయమగును. అదే దూరము నడచుటకు చూపున్న పిల్లకంటె చూపులేని పిల్లకు దమ్ము, కాలిబలము, తూనిక ఎక్కువ కావలెను. అట్టి బిడ్డనే మనము డ్రిల్లు గంటలో గట్టుమీద గూర్చుండబెట్టుచున్నాము! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో 5 మొదలు 17 ఏండ్ల వయస్సుగల బాలబాలికలందఱికిని సగటున దినమునకు 60 నిమిషములు ఒడలు చెమర్చునట్టి కదలిక యుండవలెననియు, వారమునకు 3 దినములైనను కండలను ఎముకలను బలపఱచు వ్యాయామము చేయవలెననియు చెప్పినది. వైకల్యముగల బిడ్డలకును అదే పరిమాణము నిర్ణయించినది.

ఇది నూతనముగా బుట్టిన యూహ గాదు. అమెరికాలో బోస్టను నగరమున 1832లో అంధబాలల పాఠశాల నారంభించిన శామ్యూల్ గ్రిడ్లీ హౌ అను వైద్యుడు, తలిదండ్రుల మితిమీరిన జాలియే యీ బిడ్డలను బలహీనులను జేయుచున్నదని నమ్మి, తన పాఠశాలలో వ్యాయామమునకు పెద్దపీట వేసినాడు. చిన్నచిన్న బొప్పులకును గీతలకును జడిసి పిల్లలను కట్టివేయవలదని తలిదండ్రులకు హితవు చెప్పినాడు.

ఆ పాఠశాలలో సంగీతము నేర్పిన యుపాధ్యాయులలో నొకడు ఫ్రాన్సిస్ జోసెఫ్ క్యాంబెల్. ఈయన 1832లో టెనెసీ రాష్ట్రమున జన్మించి, పసితనముననే కంటిలో ముల్లు గ్రుచ్చుకొన్న కారణమున చూపు కోల్పోయినాడు. తరువాత ఇంగ్లండునకు వచ్చి, తామును చూపు కోల్పోయిన వైద్యులగు ఆర్మిటేజిగారి తోడ్పాటుతో 1872లో లండను నగరమున అంధులకొక కళాశాల స్థాపించినాడు. అచ్చటి విద్యార్థులు ముఖ్యముగా సంగీతము నభ్యసించి, పియానోలు శ్రుతిచేయు వృత్తియు నేర్చి జీవనము సంపాదించుకొనెడివారు. సంగీత విద్యాలయమున కసరత్తుశాల యెందులకని అడుగువారికి క్యాంబెల్ ఆచరణచేతనే సమాధానము చెప్పినాడు. ఈదుట, చక్రముల పాదుకలపై జారుట, సైకిలు త్రొక్కుట, కసరత్తు అన్నియు పాఠములలో భాగములే. ఎంత చక్కగా వాయింప నేర్చినను, ధైర్యముగా వీధిలో నడచి కొలువునకు బోలేనివాడు కూడు సంపాదింపలేడని ఆయన నమ్మకము. ఆయనయే 1880లో ఐరోపాఖండమున సుమారు 4,800 మీటర్ల యెత్తుగల మాంట్ బ్లాంక్ శిఖరము నెక్కినాడు. అంధుడా శిఖరము నెక్కుట అదియే ప్రథమము. 1909లో ఇంగ్లండు ప్రభువు ఆయనకు సర్ బిరుద మొసగెను.

మన దేశమున చూపులేని బిడ్డలకు మొదటి బడి 1887లో అమృతసరమున ఆనీ షార్ప్ అను వనిత స్థాపించినది. ఆ తరువాత దేశమున పెక్కు చోట్ల బడులు వెలసినవి. నేడు చూపులేని పిల్లలు పలువురు అందఱితోబాటు సామాన్యమైన బడులలోనే చదువుచున్నారు. ఇది మంచి మార్పే. అయితే అంధపాఠశాలలో ఆట నేర్పువారికి ఆ విధానము తెలియును. ఊరిబడి మాస్టరుగారికి తెలియదు. వారి భయమునకు మూల మదియే. వారిని మనము దూషించుటకంటె, వారికి తెలియజెప్పుటయే మేలు.

ఇక చూపులేనివారాడు ఆటలనుగూర్చి కొంత తెలిసికొందము. రెండవ ప్రపంచయుద్ధమున కన్నులు పోగొట్టుకొన్న సైనికులకొఱకు 1946లో ఆస్ట్రియా దేశస్థుడగు లోరెంజెన్, జర్మనీ దేశస్థుడగు రైండ్లె అనువారు గోల్‌బాల్ అను నాట నేర్పఱచినారు. అటు మువ్వురు, ఇటు మువ్వురు. మైదానము పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. గిలకలు గలిగి మ్రోగుచుండెడి బరువైన బంతిని నేలపై దొర్లించి ఎదుటి పక్షమువారి గోలులోనికి పంపవలెను. ఎదుటివారు చప్పుడు విని, నేలపై బారగా పండుకొని, శరీరముతో దాని నాపవలెను. మైదానపు గీతలక్రింద సన్నని త్రాడు పఱచి పైన అంటుపట్టీ వేయుదురు గనుక, పాదముతోనో చేతితోనో తడవి తానెచ్చట నున్నది ఎవరికి వారు తెలిసికొందురు. అందఱి కన్నులకును గంతలు గట్టుదురు. కొంచెము చూపున్నవారికిని, బొత్తిగా లేనివారికిని భేదముండదు. ఆట సాగుచున్నంతసేపు చూచువారు నిశ్శబ్దముగా నుండవలెను. 1976 నుండి యీ యాట పారాలింపిక్సులో పతకముల యాటగా నున్నది. 1984 నుండి స్త్రీలును ఆడుచున్నారు.

క్రికెట్టు సంగతి మన పిల్లలకు జెప్పనక్కఱలేదు. చూపులేనివారి క్రికెట్టు 1922లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమున, కర్మాగారమున పనిచేయు ఇద్దఱు అంధులు రేకుడబ్బీలో రాళ్ళు వేసి ఆడుటతో నారంభమైనది. నేడు బంతి తెల్లని గట్టి ప్లాస్టిక్కుతో జేసినది; లోపల గుండ్లు గలగలలాడుచుండును. బంతిని భుజముపైనుండి విసరక, క్రిందినుండి నేలబారుగా వేయుదురు. వేయువాడు ముందుగా సిద్ధమా యని యడుగవలెను, ఆడువాడు సిద్ధమని పలుకవలెను, పిమ్మట ‘ప్లే’ యని కేకవేసి బంతి వదలవలెను. పదునొకండుగురిలో నలువురైనను పూర్తిగా చూపులేనివారై యుండవలెను. వారు చేసిన పరుగులు రెట్టింపుగా లెక్కకు వచ్చును. 2012, 2017, 2022 సంవత్సరములలో ఇరువది ఓవర్ల ప్రపంచకప్పును భారత పురుషుల జట్టే గెలిచినది. ఆ జట్టునకు నాయకత్వము వహించిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డిగారు మన ఆంధ్రులే. 2023వ సంవత్సరపు అర్జున పురస్కారము ననుగ్రహించి ప్రభుత్వమువారు వీరిని సత్కరించినారు. ఇక స్త్రీల విషయము. 2025 నవంబరు 23వ తేదీన కొలంబో నగరమున జరిగిన తుదిపోటీలో నేపాళపు జట్టు నోడించి, మన ఆడపిల్లలు అంధస్త్రీల మొట్టమొదటి ఇరువది ఓవర్ల ప్రపంచకప్పును గైకొనిరి. ఆ జట్టులో నాడిన పాంగి కరుణాకుమారి అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమునుండి వచ్చిన బాలిక. మన జాబురాసిన సోదరి కుమార్తెకు ఈ వార్త ఎవరైనను చెప్పిరో లేదో!

ప్రతి బిడ్డయు కప్పులు గెలువనక్కఱలేదు. మన బిడ్డ రోజున కొక గంట చెమట పట్టునట్లు ఆడి, ఆకలితో ఇంటికి వచ్చి, అన్నము తిని నిద్రపోయిన చాలును. దానికి కావలసిన యేర్పాట్లు మిక్కిలి స్వల్పములు.

మొదటిది, చోటు తెలియజేయుట. ఆటకు ముందొక దినము, మైదానము ఖాళీగా నున్నప్పుడు, బిడ్డ చేత మన మోచేయి పట్టించి చుట్టును త్రిప్పవలెను. ఇచ్చట గోడ, ఇచ్చట కుళాయి, ఇచ్చట చెట్టు అని తాకించవలెను. అడుగులు లెక్కపెట్టించవలెను. చోటు తెలిసిన బిడ్డకు సగము భయము పోవును.

రెండవది, మాట. “ఇటు రా”, “అదిగో అక్కడ” యను మాటలు చూపున్నవారికే పనికివచ్చును. “నీ కుడిచేతివైపు రెండడుగులు వేయుము”, “బంతి నీ యెడమ పాదమువద్ద నున్నది” అని చెప్పవలెను. పేరు పిలిచి చెప్పవలెను; లేనిచో ఎవరితో ననుచున్నారో తెలియదు.

మూడవది, తాకుట. నేర్పువారు తాము గెంతునప్పుడు మోకాళ్ళెట్లు వంగునో, చేతులెట్లు లేచునో బిడ్డను తాకి చూడనీయవలెను. ఆ పిమ్మట బిడ్డ శరీరమును చేతితో దిద్దవలెను. ఏ సమయమునందును చెప్పకుండ ముట్టుకొనరాదు. బిడ్డ యొప్పుకొన్న తరువాతనే ముట్టవలెను. ఆడపిల్లల తల్లులు ఈ నియమమును బడివారికి స్పష్టముగా జెప్పుట యుక్తము.

నాలుగవది, పనిని ముక్కలు చేయుట. త్రాడాట నేర్పవలెనన్న మొదట త్రాడు లేకుండ నిలిచినచోటనే గెంతించవలెను. తరువాత త్రాడు నేలకు దగులు చప్పుడు వినిపించి, ఆ చప్పుడునకు గెంతించవలెను. అదియు వచ్చిన పిమ్మట త్రాడు చేతికియ్యవలెను. ఇట్లయిన పది దినములలో రాకున్న నెలలో వచ్చును.

అయిదవది, పఱుగు. ఇదియే గదా ఆ బిడ్డ యడిగినది! రెండు గుంజలు పాతి, వానికి బిడ్డ నడుమెత్తున త్రాడు బిగించి కట్టి, అందులో నొక కడియము ఎక్కించవలెను. బిడ్డ కడియము పట్టుకొని త్రాడువెంట పఱుగెత్తును. రెండు కొసలకును నాలుగైదడుగుల ముందుగా త్రాటికొక ముడి వేసిన, చేతికి తగులగానే ఆగవలెనని తెలియును. త్రాడు కట్టుటకు వీలులేనిచోట తోడిపిల్ల యొకతె, తానును ఈ బిడ్డయు చెరియొక కొస పట్టుకొన్న చిన్న గుడ్డపట్టీతో ప్రక్కనే పఱుగెత్తవచ్చును. 2024లో పారిస్ పారాలింపిక్సున 200 మీటర్ల పఱుగులో కంచుపతకము గెలిచిన మన సిమ్రన్ శర్మయు ప్రక్కన నొక సహచరుని తోడుతోనే పఱుగెత్తినది. తోడు పఱుగెత్తుపనిని రోజున కొకరు చొప్పున వంతులవారీగా అప్పగించిన, ఎవరికిని భారము గాదు. అందఱకును చెలిమి గలుగును.

బంతికి ఖర్చు లేదు. గజ్జెల బంతి దొరకనిచో, మామూలు బంతిని చప్పుడుచేయు పలుచని ప్లాస్టిక్కు సంచిలో వేసి ముడివేసిన గరగరమని వినబడును. కొంచెము చూపున్న బిడ్డకు పసుపుపచ్చని పెద్ద బంతి యిచ్చి, మొదట దొర్లించి, ఆ తరువాత విసరవలెను.

మన తెలుగునాటి ఆటలను పరిశీలించినచో ఇంకొక విశేషము తోచినది. ఒప్పులకుప్ప కన్నులతో పనిలేదు. ఇద్దఱు చేతులు పెనవేసుకొని, పాదములు దగ్గఱచేర్చి, గిరగిర తిరుగుటయే. చెమ్మచెక్క లయతో నాడునది. కోలాటమున కఱ్ఱల చప్పుడే త్రోవ చూపును. చెడుగుడు ఆటలో వచ్చువాడు కూతపెట్టుచునే రావలెను గదా! అత డెక్కడనున్నదియు చెవికే తెలియును. తొక్కుడుబిళ్ళకు సుద్దగీతలకు బదులు త్రాడు పఱచి మట్టి కప్పినచో గోల్‌బాల్ మైదానమువలెనే పాదమునకు గడులు తెలియును. ఇక కండ్లగంతలాటలో మా పినతండ్రి కూతురే మమ్మందఱను ఓడించియుండెడిది. ఆ యాట మా కేల తోచలేదో! ఆమెకు ప్రత్యేకముగా నేర్పాట్లు చేయనక్కఱలేకయే ఆడదగిన యాటలు మా లోగిలిలోనే యుండగా, మేమామెచేత అంకెలు లెక్కపెట్టించితిమి.

ఇంటిలోను కొన్ని యలవాట్లు మార్చుకొనవలెను. బిడ్డ చెంబు తానే తెచ్చుకొననిండు. మేడమెట్లు తానే యెక్కనిండు. తడిబట్టలు పిండి యారవేయుట, బిందె మోయుట, పిండి కలుపుట చేతుల బలమునకు మంచి వ్యాయామములు. తలుపులు పూర్తిగా తెఱచియైనను, పూర్తిగా మూసియైనను ఉంచవలెను. సగము తెఱచిన తలుపే నుదుటికి దగులును. పీటలు, బకెట్లు నడుచుత్రోవలో నుంచరాదు. ఉంచవలసివచ్చిన, ఉంచితిమని చెప్పవలెను.

ఇచ్చట నొక హెచ్చరిక చేయక తప్పదు. చూపు తక్కువగుటకు కారణము లనేకములు. అన్నిటికి నొకే నియమము చెల్లదు. కంటి వెనుకపొర, అనగా రెటీనా, ఊడిన బిడ్డలును, ఊడునను భయమున్నవారును, మిక్కిలి యెక్కువ మైనస్ అద్దములు గలవారును, నీటికాసులు, అనగా గ్లాకోమా, ఉన్నవారును, కంటి కటకము స్థానము తప్పినవారును, క్రొత్తగా శస్త్రచికిత్స జరిగినవారును తలకు దెబ్బ తగులు ఆటలు, నీటిలో తలక్రిందుగా దూకుట, శీర్షాసనము మొదలగునవి వైద్యుని యడుగక చేయరాదు. రేచీకటియు, చుట్టుచూపు తక్కువయు గల బిడ్డలకు పొద్దు గ్రుంకకముందే ఆట ముగియవలెను. వెలుతురు భరింపలేనివారికి అంచుగల టోపీ కావలెను. కావున ఆటలు మొదలుపెట్టుటకు ముందు కంటివైద్యుని జూచి, బిడ్డ ఏమి చేయరాదో, ఏమి చేయవచ్చునో రెండును వ్రాయించి తెచ్చుకొనుడు. మొదటిది మాత్రమే యడిగినచో, నిషేధముల పట్టికయే చేతికి వచ్చును. ఆ కాగితము బడివారి భయమును సగము తీర్చును.

ఇక హక్కు మాట. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములోని 16వ విభాగము, ప్రభుత్వపు ధనసహాయము గాని గుర్తింపు గాని గల విద్యాసంస్థలు వైకల్యముగల బిడ్డలను వివక్ష లేక చేర్చుకొని, విద్యతోబాటు ఆటలకును వినోదములకును ఇతరులతో సమానముగ అవకాశ మియ్యవలెనని చెప్పుచున్నది. ఐక్యరాజ్యసమితి 2006లో అంగీకరించిన ఒడంబడికయు బడిలోని ఆటలలో ఈ బిడ్డలకు సమానమైన పాలుండవలెనని పేర్కొన్నది. దానిని భారతదేశము 2007లో ఆమోదించినది. కావున మైదానమున చోటు బడివారు దయదలచి యిచ్చునది గాదు. అయినను ఈ చట్టమును చేతబట్టుకొని తగవునకు బోవుడని మా సలహా గాదు. చట్టము మీ వెనుక నున్నదన్న ధైర్యముతో నెమ్మదిగా మాటలాడుడని మాత్రమే మా మనవి.

కృష్ణాతీరపు సోదరికి మా ప్రత్యుత్తర మిది.

అమ్మా, బడివారిని దూషింపవలదు, కృతజ్ఞురాలవై యూరకుండవలదు. కంటివైద్యుని కాగితము తీసికొని, భర్తగారితో గాని అన్నదమ్ములతో గాని కలిసి ప్రధానోపాధ్యాయులవద్దకు వెళ్ళుము. ఎవరును రానిచో నీవే వెళ్ళుము. “నా బిడ్డకు చిన్న దెబ్బలు తగిలిన నేను మిమ్ము మాట యనను” అని ముందుగా నీవే చెప్పుము. ఆ మాస్టరుగారి భయము పోగొట్టగల మాట నీ నోటనే యున్నది. మొదటి వారము నడక, రెండవ వారము త్రాటివెంట పఱుగు, ఆ పిమ్మట ఒక ఆట అని కొంచెము కొంచెముగా నడుగుము. సంచులకు కాపుండుట యవసరమైనచో, దినమున కొకరు చొప్పున అందఱు పిల్లలును వంతులు వేసికొందురు గాక. నీ బిడ్డకును తన వంతు వచ్చినప్పుడు మాత్రమే ఆ పని చేయును.

అయితే బడికి పోకముందే, ఈ ఆదివారముననే, నీవు చేయవలసిన పని యొకటి కలదు. కోతలైన పొలము గాని, ఊరిచివర చదునైన నేల గాని చూచుకొనుము. ముందుగా నీవే తిరిగి రాళ్ళు, ముండ్లు, గుంటలు లేవని నిశ్చయము చేసికొనుము. బిడ్డను నడిపించి చూపుము. పిదప దాని చేయి పట్టుకొని, చీర చెఱగు దోపుకొని, ఇద్దఱును కలిసి పఱుగెత్తుడు. ఊరివారు నవ్వినను నవ్వనిమ్ము. పరుగెత్తితే ఎట్లా ఉంటుందని అది యడిగినదానికి మాటలలో నీవును చెప్పలేవు, మేమును వ్రాయలేము. పడినచో, లేవదీయుటకు తొందరపడకుము. తానే లేచునేమో ఒక నిమిషము చూడుము.

తక్కిన సోదరీమణులకును మా మనవి యొకటి. మీ పిల్లలు చదువు బడిలో ఇట్టి బిడ్డ యున్నదేమో రేపే మీ పిల్లల నడుగుడు. ఉన్నచో, డ్రిల్లు గంటలో ఆ బిడ్డ యెక్కడ నుండునో అడుగుడు. చెట్టుక్రింద నున్నదని వారు చెప్పినచో, త్రాటిపట్టీ రెండవ కొస పట్టుకొనుటకు మీ పిల్లను పంపుడు. మీ యూళ్ళలో ఎవరైనను ఇట్టి బిడ్డలకు ఆటలు నేర్పుచున్నచో ఆ విధానమును మాకు వ్రాయుడు. రాబోవు సంచికలలో ఈ శీర్షికయందే ప్రకటింతుము. కృష్ణాతీరమునుండి మఱియొక జాబు వచ్చినచో, దానినిగూడ మీకు తప్పక వినిపింతుము.